పెద్దక్క చేతులు ఊరుకోవు

బొత్తాం ఊడిన చొక్కాతో పెద్దక్క కంటపడ్డారంటే ఇక మీ పని అయిపోయినట్టే. మీరెంత తొందరలో ఉన్నారు, బస్సు కదులుతోందా, ఆఫీసుకు ఆలస్యమవుతోందా, అవేవీ ఆవిడకు అక్కర్లేదు. "కదలకుండా నిలబడు" అంటుంది. మెడలో టేపు వేలాడుతుంటుంది, ముంజేతికి కట్టుకున్న దూదిపట్టీ నిండా సూదులూ గుండుసూదులూ ఉంటాయి. చొక్కా మీ ఒంటి మీద ఉండగానే బొత్తాం కుట్టేసి, దారం పంటితో తెంపి, భుజం మీద ఒక్క చరుపు చరిచి పంపిస్తుంది. బస్టాపులో అలా పట్టుబడిన పెద్దమనుషులు ఆ వీధిలో బోలెడుమంది. విసుక్కున్నవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లు కూడా ఇంటికెళ్లాక అద్దంలో చూసుకుని మనసులో దండం పెట్టుకునే ఉంటారు.

అందరికీ ఆవిడ పెద్దక్కే. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్లు కూడా పెద్దక్కా అనే పిలుస్తారు. బస్సు డ్రైవరుగా చేసే సొంత మొగుడే నలుగురిలో ఉన్నప్పుడు నోరుజారి "పెద్దక్కా" అని కేకేసి నాలుక్కరుచుకున్న రోజులున్నాయంటే ఇంక చెప్పేదేముంది!

ఆ పిలుపు ఊరికే రాలేదు. తల్లి పోయేనాటికి ఆవిడ ఇంకా హైస్కూల్లో ఉంది. తమ్ముడు అప్పుడప్పుడే బడికి వెళ్తున్నాడు, చెల్లి ఇంకా పాకుతోంది. తండ్రికి ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఒకరోజు పుస్తకాల సంచీ తీసి మేకుకు తగిలించి, చెల్లిని చంకనేసుకుంది. ఆ సంచీ మళ్లీ కిందికి దిగలేదు. పక్కవాటాలో ఉండే దర్జీ దగ్గర పని నేర్చుకుని, ఒక కాలితో మిషను తొక్కుతూ ఇంకో కాలితో ఉయ్యాల ఊపుతూ ఇద్దరినీ పెద్దవాళ్లను చేసింది. తమ్ముడు కరెంటు పని నేర్చుకుని వేరే ఊళ్లో స్థిరపడ్డాడు. చెల్లి మాత్రం పెళ్లీగిళ్లీ జోలికి పోకుండా అక్క ఇంట్లోనే, అక్క దుకాణంలోనే ఉండిపోయింది. పెద్దక్కకు పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ సంగతి జాలిగా ఎత్తబోతే, "ఇద్దరిని పెంచానుగా, ఇంకా ఎంతమంది కావాలి మీకు?" అని వాళ్ల నోరు మూయించేది.

అయితే ఆవిడ లోపల ఒక ప్రశ్న ఉండేది. అది ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి వీలైన ప్రశ్న కూడా కాదు.

వాళ్ల వీధికి దగ్గర్లోనే యూనివర్సిటీ ఉంది. పిల్లలు ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికీ, జిప్పులు వేయించుకోవడానికీ పెద్దక్క దుకాణానికే వస్తారు. ఒకరోజు ఒకమ్మాయి ప్యాంటు కొలత ఇస్తూ నిలబడింది. పెద్దక్క కింద మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, అంచు మడుస్తోంది. ఏం చదువుతున్నావని చెల్లి అడగదుగా, నోట్లో నాలుక లేని మనిషి. పెద్దక్క అడగలేదు, నోట్లో సూదులున్నాయి. ఆ అమ్మాయే చెప్పుకుపోయింది: కుటుంబ, మానవ శాస్త్రాల్లో డిగ్రీ అట. పిల్లలు ఎలా ఎదుగుతారు, ఇల్లు ఎలా నడుస్తుంది, ఒక ఇంట్లో ఉన్నవాళ్లు ఒకళ్లనొకళ్లు ఎలా మారుస్తారు, తిండీ బట్టా డబ్బూ వయసూ అన్నీ అందులోనే వస్తాయట. పెద్దక్క నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి పట్టీకి గుచ్చింది.

"పిల్లల్ని సరిగ్గా పెంచామో లేదో కూడా చెప్తారా అందులో?"

"చెప్తారనే అనుకుంటా ఆంటీ" అని నవ్వింది ఆ పిల్ల.

సాయంత్రం మొగుడు డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏవండీ, నేను డిగ్రీ చదువుతాను."

ఆయన ఒక బూటు చేతిలో పట్టుకుని తలెత్తాడు. "దేంట్లో?"

"కుటుంబంలో."

"కుటుంబంలోనే ఉన్నావు కదే ఇన్నాళ్లూ! పరీక్ష పెట్టలేదనా?"

"ఆ. పెట్టలేదనే" అంది పెద్దక్క.

ఆయన హాస్యగాడే కానీ తెలివితక్కువవాడు కాదు. ఆ ముఖం చూశాక రెండో జోకు వేయలేదు. నవ్వినవాళ్లు మాత్రం వీధిలో చాలామందే ఉన్నారు. యాభైకి దగ్గరపడుతూ చదువేమిటి, అదీ సంసారం గురించి చదువేమిటి, అది ఇంట్లో కూర్చుంటే రాదా అన్నారు. ఇంట్లో కూర్చుంటే వచ్చేదైతే వాళ్ల సంసారాలు అలా ఎందుకున్నాయో అడిగే ఓపిక పెద్దక్కకు లేదు. మధ్యలో ఆగిపోయిన చదువును ప్రైవేటుగా కట్టి పూర్తిచేసి, ప్రవేశ పరీక్ష రాసి, సీటు తెచ్చుకుంది. పగలు క్లాసులు, సాయంత్రం మిషను. పందొమ్మిదేళ్ల పిల్లల మధ్య మొదటి బెంచీలో కూర్చుని ఒళ్లంతా చెవులు చేసుకుని వినేది. బట్టల గురించి చెప్పిన పాఠంలో ఎలాగూ ఆవిడకు ఎదురులేదు. పోషకాహారం పాఠంలో మాస్టారితో వాదించి, ఓడిపోయి, ఒప్పుకుని, ఇంట్లో వంటలు మార్చింది. మొగుడు కొన్నాళ్లు మూలిగి, తర్వాత నడుము తగ్గాక ప్యాంట్లు బిగుతు చేయించుకున్నాడు. మొదటి రెండేళ్లూ ఇట్టే గడిచిపోయాయి. క్లాసు క్లాసంతటికీ ఆవిడ తలలో నాలుక అయిపోయింది. పిల్లలు ఆంటీ మానేసి పెద్దక్కా అనడం మొదలుపెట్టారు.

మూడో ఏడు వచ్చేసరికి అసలు గండం వచ్చింది. దాని పేరు పరిశీలన.

ఆ విభాగానికి అనుబంధంగా చిన్నపిల్లల బడి ఒకటుంది. పొట్టి బల్లలు, చెక్కదిమ్మలు, నీళ్ల తొట్టి, ఒక గోడకు అటునుంచి చూస్తే ఇటు కనబడే అద్దం. విద్యార్థులు ఆ గదిలో గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చుని పిల్లలు ఏం చేస్తున్నారో చూసి రాయాలి. రూల్స్ రెండే. కళ్లతో చూసిందే రాయాలి, మనసులో అనుకున్నది రాయకూడదు. ప్రమాదమైతే తప్ప లేవకూడదు, పలకరించకూడదు, ముట్టుకోకూడదు. ఆ కుర్చీకి విద్యార్థులు గోడకుర్చీ అని పేరు పెట్టారు. ఈ సంగతి తెలిసి డ్రైవరుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈ వయసులో గోడకుర్చీ వేయించారా నీకు? ఏం అల్లరి చేశావేంటి?"

అల్లరి చేయకపోవడమే ఆవిడకు చేతకాలేదు. మొదటిసారి రాసిచ్చిన కాగితం చూసి ప్రాక్టికల్స్ మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. మేడం వయసులో పెద్దక్కకంటే చిన్నదే, మాట తక్కువ, గీత గట్టిది. పెద్దక్క ఏం రాసిందంటే: 'ఈ అబ్బాయికి గారాబం ఎక్కువ. తండ్రి అరిచే రకం అయివుంటాడు. ఈ అమ్మాయి మంచిది కానీ పిరికిది. ముక్కు తుడిచే దిక్కు లేదు.' మేడం మొత్తం ఎర్రసిరాతో కొట్టేసి కింద ఒక్క ముక్క రాసింది: 'మీరు చూసిందేమిటి?'

"చూస్తే తెలిసిపోతుంది కదండీ" అంది పెద్దక్క.

"తెలిసిపోయాక చూడటం మానేస్తాం అమ్మా" అంది మేడం. "అదే చిక్కు."

రాత కాస్త దారిలో పడింది కానీ చేతులు పడలేదు. మార్కులు వేసే రోజు రానేవచ్చింది. చలికాలం. పిల్లల్ని ఆవరణలోకి ఆడుకోవడానికి పంపే వేళ. అందరూ కోట్లు తొడుక్కుంటున్నారు. ఎర్రకోటు పిల్ల ఒకతి కోటు తొడుక్కుని, పై బొత్తాన్ని కాజాలోకి దూర్చడానికి తంటాలు పడుతోంది. నాలుక బయటపెట్టి, కనుబొమలు ముడిచి, రెండు చేతులతో కుస్తీ. బొత్తాం సగం దూరడం, జారిపోవడం. కొత్తకోటు, కాజా ఇంకా బిగుతు వదల్లేదు. ఆ సంగతి గోడవారన కూర్చునే పెద్దక్కకు తెలిసిపోయింది. కాజా అంచు కుట్టు మరీ దట్టంగా వేశాడు ఎవడో బుద్ధిలేనివాడు. బొత్తాం మళ్లీ సగం దూరింది. మళ్లీ జారింది.

తర్వాత ఏం జరిగిందో పెద్దక్కకే సరిగ్గా తెలియదు. తేరుకునేసరికి ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద ఉంది. పై నుంచి కిందిదాకా బొత్తాలన్నీ పెట్టేసి ఉన్నాయి. కాలరు కూడా సర్దేసింది. భుజం మీద చరిచింది కూడా.

పిల్ల ఏడవలేదు. పెద్దక్క చేతుల వంక చూసింది, తన బొత్తాల వంక చూసింది, మెల్లిగా బయటికి వెళ్లిపోయింది.

అద్దం వెనకనుంచి మేడం వచ్చింది. "లేచారు."

"చలి కదండీ, పసిపిల్ల..."

"తలుపు దగ్గర టీచరుంది. చలిలోకి అలా పంపేది కాదు. ఆ పాప ఎన్నాళ్లనుంచో ఆ బొత్తాం కోసం పాకులాడుతోంది. ఇవాళ అయిపోయేది."

పెద్దక్కకు తల కొట్టేసినట్టయింది. పరిశీలనలో తప్పింది. ఇంకొక్క అవకాశం ఇస్తారు, అదీ తప్పితే ఆ డిగ్రీ ఇంక లేదు. ఇంటికొచ్చి గిన్నెలన్నీ ఎత్తికుదేసింది. "పిల్ల బొత్తాం పెట్టడం నేరమట! ఇదేం చదువండీ, చేతులు కట్టేసుకుని కూర్చోవడానికి ఇంత దూరం వెళ్లాలా?" గిన్నెలు పగిలేవి కావు కాబట్టి సరిపోయింది.

అసలు దెబ్బ తర్వాతి వారం తగిలింది. ఆ రోజు మార్కులూ లేవు, పరిశీలనా లేదు. బొమ్మలు కడిగి ఆరబెట్టే వంతు పెద్దక్కది. పిల్లలు బయటికి వెళ్లే వేళయింది. ఎర్రకోటు పిల్ల కోటు తొడుక్కుంది. బొత్తాం మీద చెయ్యి కూడా వేయలేదు. గది ఈ చివరినుంచి ఆ చివరికి తిన్నగా నడిచి పెద్దక్క ముందుకొచ్చి, చేతులు రెండూ కిందికి వదిలేసి, గడ్డం పైకెత్తి నిలబడింది. పెట్టు అన్నట్టు.

ఆ నిలబడటం ఆవిడకు బాగా తెలుసు. పొద్దున లేస్తే తన దుకాణంలో, తన వంటింట్లో, డాక్టరు దగ్గర, బ్యాంకులో, ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే. ఎవరైనా "నీకేం కావాలమ్మా?" అని అడిగితే చెల్లి అలాగే గడ్డం కాస్త ఎత్తి అక్క వైపు తిరుగుతుంది. అక్క చెప్తుంది. "దానికి చక్కెర తక్కువ వేయండి." "నొప్పి ఎడమవైపండీ, నిన్నటినుంచి." "ఆ రంగు దానికి నచ్చదు." డాక్టరు చెల్లిని అడుగుతాడు, రోగం పెద్దక్క ఏకరువు పెడుతుంది.

పెద్దక్క తడిచేతులతో అలాగే నిలబడిపోయింది. అక్కడున్న టీచరు వచ్చి పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

మర్నాడు మేడం గదికి వెళ్లి, కూర్చోమనకుండానే కూర్చుంది. "నేను మానేస్తానండీ."

"ఎందుకు?"

"నేను ఒకటి తెలుసుకుందామని చేరాను. అమ్మ లేని పిల్లల్ని పెంచాను, సరిగ్గా పెంచానో లేదో చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు తెలిసిపోయింది. నా చెల్లిని నేనే చెడగొట్టాను. ముప్పై దాటింది, తనకేం కావాలో తను చెప్పుకోలేదు. ఒక్క వారంలో ఆ పసిదానికి చేసిందే దీనికి జీవితమంతా చేశాను. ఇంక డిగ్రీ ఎందుకు చెప్పండి?" అంటూనే ఏడ్చేసింది. పెద్దక్క ఏడవడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. చూసింది ఆ మేడం ఒక్కతే.

ఆవిడ ఏడుపు ఆగేదాకా మేడం ఊరుకుంది. తర్వాత అంది: "ఎవరో పిల్లాడి గురించి ఒక్క చూపులో తీర్పు రాసిస్తే ఎర్రసిరాతో కొట్టేశాను, గుర్తుందా? ఇప్పుడు మీ మీద మీరే రాసుకొచ్చారు. దీన్నీ కొట్టేస్తున్నాను. మీ చెల్లెలిని మీరు చూశారా?"

"పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను."

"అది చూడటం కాదమ్మా, చేయడం. ఒక వారం ఊరికే చూడండి. తర్వాత మానేస్తే మానేద్దురు గాని."

సరే, మొండిఘటం కదా, చూడటం మొదలుపెట్టింది. ఆ వారం క్లాసులకు సెలవు పెట్టి, దుకాణంలో మిషను ముందు కూర్చుని, కుడుతున్నట్టు నటిస్తూ, ఓరకంట చెల్లినే చూసింది. మొదటిరోజు కొత్తేమీ కనబడలేదు. చెల్లి కాజాలు కుట్టింది, ఇస్త్రీ చేసింది, ఎవరొచ్చినా అక్క వంక చూసింది. రెండోరోజు ఒక ముసలాయన కోటు ఇవ్వడానికి వచ్చి, పెద్దక్కను చూసి, "ఓ, ఇవాళ మీరున్నారా? చిన్నమ్మ లేదా?" అన్నాడు. చెల్లి లోపలనుంచి రావడంతోనే ఆయన ముఖం విప్పారింది. "అమ్మా, నువ్వు చెప్పినట్టే లైనింగు మార్చు. నువ్వన్నది నిజమే." చెల్లి ఎర్రబడి తల దించుకుంది.

పెద్దక్క ఆ సాయంత్రం మొగుణ్ణి పట్టుకుంది. "ఏవండీ, చెల్లి దుకాణంలో మాట్లాడుతుందా?"

ఆయన పడీపడీ నవ్వాడు. "మరి నువ్వు కాలేజీలో ఉంటే దుకాణం దానంతటదే నడుస్తోందనుకున్నావా? మూడో ఏడు కదే ఇది! మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు నేను అటు వెళ్తే లోపల కబుర్లే కబుర్లు. ఒకడెవడో జిప్పు సరిగ్గా లేదని పేచీకి వస్తే మీ చెల్లెలు పెట్టిన గడ్డికి వాడు నోరెత్తలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు మీరు?"

"నువ్వు ఇంటికొస్తే తనకి మాట్లాడే పని ఉండదుగా."

ఎంత మనిషో చూడండి! పిల్లల ఎదుగుదల మీద పుస్తకాలు తిరగేసింది కానీ, తను పొద్దున సంచీ తగిలించుకుని గుమ్మం దాటగానే తన వెనక ఇంట్లో ఒకతి ఎదుగుతోందన్నది చూడలేదు. చదువు ఆవిడకు ఏం నేర్పిందో తర్వాత సంగతి. ఆవిణ్ణి పూటకు కొన్ని గంటలు ఇంట్లోంచి బయట ఉంచింది, ఆ మేలు చాలా పెద్దది. అయినా ఒక్క మాట అనుకోవాలి. ఈ సంగతి తెలిశాక సిగ్గుపడి దాచుకునేవాళ్లే లోకంలో ఎక్కువ. పెద్దక్క మర్నాడు మేడం దగ్గరికి వెళ్లి, తనంతట తనే నవ్వుకుంటూ చెప్పేసింది. మానేసే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ నెలలోనే దుకాణానికి హోటల్ మేనేజరమ్మ వచ్చింది. హోటల్లో పనిచేసే వాళ్లందరికీ కొత్త యూనిఫారాలు కావాలి. పెద్ద పని. పెద్దక్క అప్పుడు ఎవరిదో ప్యాంటు అంచుకు సూదులు గుచ్చుతోంది. మేనేజరమ్మ ఇద్దరి వంకా చూసి చెల్లిని అడిగింది, "ఇన్ని కుట్టగలరా మీరు? కాలరు ఎలా పెడతారు?"

చెల్లి గడ్డం అలవాటుగా అక్క వైపు తిరిగింది.

పెద్దక్క దూదిపట్టీలోంచి గుండుసూదులు పిడికెడు పీకి నోట్లో పెట్టుకుంది. పెదాల మధ్య బిగించి పట్టి, ప్యాంటు మీదికి వంగింది. నోరు తెరిస్తే సూదులు రాలతాయి. దర్జీపనిలో అంత గట్టి తాళం ఇంకోటి లేదు.

మేనేజరమ్మ ఎదురుచూసింది. ఇస్త్రీపెట్టె వేడెక్కి చిటచిటమంది. చెల్లి అక్క వీపు వంక చూసింది, మేనేజరమ్మ వంక చూసింది, గొంతు సవరించుకుంది.

"కుడతాం. వంటింటి వాళ్లకు ఒకరకం, హాల్లో తిరిగేవాళ్లకు ఒకరకం పెట్టాలి. వంటింటి వాళ్లకు కాలరు వద్దు, ఉక్కపోస్తుంది. మిగతావాళ్లకు మెత్తటి కాలరు పెడతాను."

మెత్తటి కాలరు! పెద్దక్క నోట్లో సూదులు కదిలాయి. లోపల గట్టిగుడ్డ, అదే కాన్వాసు, వేయకపోతే ఒక్క ఉతుకులో ముడతలు పడతాయి. ఆ సంగతి చెప్పాలని నాలుక దురదపెట్టేసింది. సూదులు అలాగే బిగించి పట్టింది. మేనేజరమ్మ సంతోషంగా ఒప్పుకుని వెళ్లిపోయింది.

కాలర్లు ముడతలు పడ్డాయి. పడక ఏమవుతాయి? ముందుగా కుట్టిన కొన్నిటిని చెల్లే ఉతికి చూసి, తీగమీద ఆరేసి, వాటి ముందు చాలాసేపు నిలబడింది. పెద్దక్క కిటికీలోంచి చూస్తూ తన రెండు చేతుల్నీ చంకల్లో ఇరికించుకుంది. చెల్లి అక్కను పిలవలేదు. కాలర్లన్నీ విప్పి, పల్చటి కాన్వాసు తెచ్చి, తన పద్ధతిలో మళ్లీ కుట్టింది. పెద్దక్క అయితే మందం కాన్వాసు వేసేది. పల్చటిదే బాగుంది. ఆ మాట ఒప్పుకోవడానికి పెద్దక్కకు రెండుపూటలు పట్టింది.

ఇంతలో రెండో పరిశీలన రోజు వచ్చింది. తాడోపేడో తేలిపోవాలి. పెద్దక్క గోడకుర్చీలో కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది. బయటికి వెళ్లే వేళ ఎర్రకోటు పిల్ల కోటు తొడుక్కుని, గది దాటి, సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడింది. గడ్డం పైకెత్తింది.

పెద్దక్క కదల్లేదు. తల తిప్పుకోనూ లేదు. పిల్ల కళ్లలోకి చూసింది, అంతే. మిగతా పిల్లలు ఒక్కొక్కరే బయటికి పోతున్నారు. పిల్ల పెదవి వణికింది. పెద్దక్క ప్రాణం విలవిల్లాడింది. ఒక్క బొత్తాం, ఒక్క క్షణం పని, డిగ్రీ పోతే పోయింది అనిపించింది. నిజంగా అనిపించింది. అయినా కూర్చునే ఉంది.

పిల్ల గడ్డం దించింది. తన బొత్తాల వంక చూసుకుంది. నాలుక బయటికొచ్చింది. పై బొత్తాన్ని పట్టుకుని, దానికి ఎదురుగా ఉన్న కాజాను వదిలేసి, కింది కాజాలోకి తోసింది. దూరింది! తర్వాతది దాని కిందికి, ఆ తర్వాతది ఇంకా కిందికి. కోటు ఒకవైపు మెడ దాకా ఎగిరింది, ఇంకోవైపు మోకాలికి వేలాడింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బట్టలతో బతికిన మనిషి ఆ వంకర కోటు చూసి తట్టుకోవాలి. చేతులు తొడల కింద తిమ్మిరెక్కిపోయాయి.

కాజా మిగలని చివరి బొత్తాన్ని అలాగే వదిలేసి పిల్ల తలెత్తింది. పెట్టమని కాదు ఈసారి. చూశావా అని. పెద్దక్క చూసింది. పిల్ల గిర్రున తిరిగి ఆవరణలోకి పరిగెత్తింది. వంకర కోటుతోనే జారుడుబల్ల ఎక్కింది.

పెద్దక్క రాసిచ్చిన కాగితం మేడం నిలబడే చదివింది. తీర్పులు లేవు, తండ్రి అరిచే రకమని లేదు. ఏ బొత్తాం ఏ కాజాలోకి వెళ్లిందో ఉంది. చివర్లో ఇలా ఉంది: 'పాప నా వైపు చూసింది. నేను చూస్తున్నాను. పాప వెళ్లిపోయింది.'

"మీకేమనిపించిందో రాయలేదేం?" అంది మేడం.

"మీరే వద్దన్నారుగా!"

"ఇప్పుడు అడుగుతున్నాను."

"ఆ కోటు లాగేసి మళ్లీ సరిగ్గా పెట్టాలని ప్రాణం కొట్టుకుపోయిందండీ" అంది పెద్దక్క. ఇద్దరూ నవ్వారు. ఎప్పుడూ నవ్వని మేడం కళ్లజోడు తీసి మరీ నవ్వింది. ఆ నవ్వులోనే పాసన్నమాట తేలిపోయింది.

పెద్దక్క ఇంటికి నడిచొచ్చింది. దుకాణంలో చెల్లి ఆఖరి చొక్కాకు దారాలు కత్తిరిస్తోంది. యూనిఫారాల మూటలు గుమ్మం దగ్గర వరసగా ఉన్నాయి. పాసయ్యానని చెప్పింది. చెల్లి లేచి వచ్చి అక్క చేతులు రెండూ పట్టుకుని ఊపింది, మళ్లీ వెళ్లి కూర్చుంది. పెద్దక్క ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్లుగా మోసిన ప్రశ్న, మేడంని కాదు, పుస్తకాన్ని కాదు, అడగాల్సినవాళ్లనే అడిగింది.

"ఏమే, నిన్ను నేను సరిగ్గా పెంచానా?"

చెల్లి కత్తెర ఆగింది. వెంటనే జవాబు చెప్పలేదు. మామూలుగా అయితే ఆ ఖాళీలోకి పెద్దక్క దూకేసేది: ఏదో నా శక్తికొద్దీ పెంచాను, నువ్వు మాత్రం ఏం చెప్తావులే, పద భోంచేద్దాం. ఈసారి దూకలేదు. నోట్లో సూదులు కూడా లేవు. ఊరికే కూర్చుంది. వీధిలో బస్సొకటి ఆగి వెళ్లింది.

"ఎక్కువ పెంచావక్కా" అంది చెల్లి చివరికి.

పెద్దక్క పీట మీద కాస్త ముందుకు జరిగింది.

"అమ్మ లేదన్న సంగతి నాకెప్పుడూ తెలియనివ్వలేదు నువ్వు. ఎవరికొస్తుంది అలా చేయడం? కానీ నాకూ చేతులున్నాయన్న సంగతి కూడా తెలియనివ్వలేదు." చెల్లి కత్తెర కింద పెట్టింది. "ఇప్పుడు తెలిసింది. నువ్వు కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టాక. మొదట్లో నువ్వు ఎప్పుడొస్తావా అని గుమ్మంవైపే చూసేదాన్ని. తర్వాత్తర్వాత..." అని ఆగి, నవ్వేసింది. "తర్వాత్తర్వాత కాస్త ఆలస్యంగా వస్తే బాగుండనుకునేదాన్ని."

పెద్దక్క ఏడుస్తూనే నవ్వింది. ఒకే ముఖంలో రెండూ ఎలా పట్టాయో కానీ పట్టాయి.

బయట హోటల్ వ్యాను హారను కొట్టింది. చెల్లి లేచి మూటలు ఎత్తడం మొదలుపెట్టింది. బరువైనవే. పెద్దక్క చెయ్యి అలవాటుగా మూట మీదికి వెళ్లింది, అక్కడే ఆగింది, మెల్లిగా ఒడిలోకి తిరిగొచ్చింది. ఒక మూట ముడి వదులుగా ఉంది, జారేటట్టుంది. ఊరుకుంది. చెల్లే గమనించి, దించి, మళ్లీ ముడి వేసి, వ్యానులో పెట్టి, హోటల్లో అప్పజెప్పడానికి తనే ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

వ్యాను కదిలింది. మలుపు తిరిగేముందు చెల్లి కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది.

పెద్దక్క గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, చూస్తూనే ఉంది.